బాబాయి కాచుకునే ఆట

మా ఆంజనేయరాజు బాబాయితో చదరంగం ఆడడమంత విసుగు పని ఇంకోటి లేదు. పదేళ్ళు ఆడాను కాబట్టే చెబుతున్నాను. ఒక బంటును ఒక్క గడి జరిపి, కళ్ళజోడు తుడుచుకుని కూర్చునేవారు. మీదికి రారు, రానివ్వరు. నేను ఎగిరెగిరి అలిసిపోయేదాకా ఓపిగ్గా చూసి, అప్పుడు నేనెక్కడో గాలికొదిలేసిన బంటును నెమ్మదిగా తీసి పక్కన పెట్టుకునేవారు. నా ఆట వేరు. నాలుగో ఎత్తుకే మంత్రి బయటికి రావాలి, గుర్రాన్ని బలిచ్చయినా సరే మీద పడిపోవాలి. పది ఆటల్లో మూడు నేను గెలిచేవాణ్ణి. గెలిచినవి మాత్రం చూడముచ్చటగా గెలిచేవాణ్ణి. మిగతా ఏడూ ఆయనవి.

మనిషీ అంతే. భీమవరం వెళ్ళాలంటే మొదటి బస్సు రద్దీగా ఉందని వదిలేసి రెండోదాని కోసం నిలబడేవారు. రెండోది ఇంకా రద్దీగా వచ్చేది. ఊళ్ళో అందరం వరిచేలు తవ్వి రొయ్యల చెరువులు చేస్తుంటే రెండేళ్ళు చూసి చూసి, తన నాలుగెకరాల్లో ఒక్క ఎకరం తవ్వించారు. నేనైతే మా నాన్నగారు మిగిల్చిన అయిదెకరాలూ తవ్వించేశాను.

"కొడితే అంతా పెట్టి కొట్టాలి బాబాయ్" అన్నాను.

"నీ ఇష్టంరా పల్లంరాజూ" అని ఆయన తన బంటు జరుపుకున్నారు.

తొంభై అయిదులో తెల్లమచ్చ రోగం వచ్చింది. నిన్న శుభ్రంగా మేత తిన్న రొయ్య ఈ రోజు నీరసంగా గట్టు పక్కకు చేరుతుంది. డొప్ప మీద తెల్లటి మచ్చలు. మూడు రోజుల్లో చెరువంతా పోతుంది. మచ్చ కనబడిన రోజే వల వేసి, చిన్నవైనా సరే పట్టేసుకోవాలి. ఇది అందరికీ తెలుసు. తెలిసి కూడా మన చెరువు దాకా వచ్చేసరికి ఒక్కరోజు చూద్దామనుకుంటాం. ఇంకో ఇరవై రోజులుంటే రొయ్య మంచి సైజుకొస్తుందని ఆశ.

ఆ ఉదయం మేత తిన్నాయో లేదో చూద్దామని చెక్ ట్రే పైకి లాగితే, వేసిన మేత వేసినట్టే ఉంది. అందులో రెండు రొయ్యలు ఎర్రబడి ఉన్నాయి, తల మీద మచ్చలు. ఆ పంట పోతే చెరువు అమ్ముకుని ఏ ఊళ్ళోనో గుమాస్తాగా చేరడమే. ఇంట్లో మా ఆవిడ శ్రీసత్యకు కూడా చెప్పలేదు. పదకొండింటికి ఎప్పటిలాగే వెళ్ళి బాబాయి వసారాలో చదరంగం బల్ల ముందు కూర్చున్నాను.

పదిహేను ఎత్తులయ్యాయి. బాబాయి బల్లకేసి కాకుండా నాకేసి చూస్తున్నారు.

"ఏంట్రా, ఈవేళ నా ఆట నువ్వాడుతున్నావు?"

అప్పుడు చూసుకున్నాను. మంత్రి కదల్లేదు. ఉన్నవన్నీ రాజు చుట్టూ పేర్చుకున్నాను.

"నా ఆట కూడా కాదులే ఇది. నేను సమయం కోసం కాచుకుంటాను. నువ్వు భయపడి దాక్కున్నావు. చెరువుకేమైంది?"

చెప్పేశాను. చెబుతుంటే ఏడుపొచ్చింది.

"మరి వల వెయ్యకుండా ఇక్కడ కూర్చున్నావేంట్రా?"

"రేపటిదాకా చూద్దామని బాబాయ్..."

"రేపేంటి! లే ముందు!"

పదేళ్ళలో ఆయన గొంతు పెంచడం అదే మొదటిసారి. ఆట సగంలో వదిలేసి, చెప్పులేసుకుని గబగబా బయటికి నడిచారు. గంటలో మేస్త్రీ అబ్బులు పదిమందితో, వలలతో నా గట్టు మీదికొచ్చాడు. ఆ వారమంతా వలవాళ్ళ కోసం జనం కొట్టుకుంటున్నారు. నాకంత త్వరగా ఎలా దొరికారని తట్టనైనా తట్టలేదు. వాళ్ళతో పాటు నేనూ దిగి లాగాను. సాయంత్రానికి రొయ్యలన్నీ ఐసులోకెక్కాయి. చిన్న సైజు కాబట్టి చిన్న ధరే పలికింది. అయినా పెట్టుబడి తిరిగొచ్చింది. చెరువు నాకు దక్కింది.

మూడో రోజు నేను బాబాయి చెరువు వైపు వెళ్తే గట్టు పొడుగునా చచ్చిన రొయ్యలు. అబ్బులు సున్నం చల్లుతున్నాడు.

"అయ్యో, ఆయన కూడా నిన్ను పిలవాల్సిందోయ్" అన్నాను.

అబ్బులు నాకేసి అదోలా చూశాడు. "పిలిచారండి. ఆ రోజు పొద్దున్నే మచ్చ చూసి కబురెట్టారండి. పన్నెండింటికి ఈ చెరువులోనే దిగాలండి మేము. దార్లో ఎదురొచ్చి, ముందు పల్లంరాజు చెరువు పట్టండన్నారు. మర్నాడంతా మాకు వేరే ఊళ్ళో పనుందని చెప్పానండి. పర్లేదు, వెళ్ళండన్నారండి. ఆయ్."

అంటే తన చెరువులో మచ్చ చూసుకుని కూడా నాతో కూర్చుని ఆడారన్నమాట. నేను వసారాలోకి పరిగెత్తాను. ఆయన పేపరు చదువుకుంటున్నారు.

"ఎందుకలా చేశారు బాబాయ్?"

ఆయన పేపరు దించారు. "నాకు మూడెకరాల వరి ఉందిరా. నీకు అదొక్కటే కదా."

ఆ రోజు ఆయనకు థాంక్స్ చెప్పలేదు. మా వైపు బాబాయికి థాంక్స్ చెబితే, పరాయివాణ్ణి చేశావని చీవాట్లు పెడతారు. పదేళ్ళు దాటింది. చీవాట్లు పెట్టినా సరే ఇప్పుడు రాస్తున్నాను. నేనింకా ఈ ఊళ్ళో ఉన్నానంటే మీ వల్లే బాబాయ్.