బిళ్ళ వేసుకున్న మనీప్లాంటు

మా పక్క క్వార్టరు కాక బొగ్గుబావిలో పంపు నడిపేవాడు. ఏ నీళ్లు కనబడినా వేలు ముంచి నాలుకకు రాసుకునేవాడు. ఇంట్లో గాజుతొట్టిలో ఉప్పునీళ్లు కలిపి రెండు సముద్రపు చేపలను సాకేవాడు. మొక్కల వేర్లు తొట్టిలోని మురికిని తాగేస్తాయని ఎవరో చెబితే, వరుసగా నాలుగు మనీప్లాంటులను అందులో ముంచి నాలుగింటినీ చంపాడు.

ఐదోదాన్ని తెచ్చిన రోజు నాతో అన్నాడు: "కొత్తోన్ని మొదటి రోజే పూర షిఫ్టు దింపుతమా బిడ్డా? దీన్ని గూడ మెల్లగ అలవాటు చెయ్యాలె."

రోజుకో గంట ఉప్పునీళ్లు, ఆ తర్వాత మంచినీళ్ల సీసా. మనిషి ఇంకా బావిలోనే ఉన్నాడనడానికి గుర్తుగా పైన తగిలించే బిళ్ళలాంటిదే ఒకటి రేకుతో చేసి, మొక్క తొట్టిలో ఉన్నంతసేపూ కిటికీ మేకుకు తగిలించేవాడు.

ఒకరోజు మొక్కను తీయడం మరిచి డ్యూటీకి పోయాడు. సాయంత్రం బొగ్గు ముఖంతోనే ఉరికొచ్చి చూస్తే బిళ్ళ మేకుకే ఉంది. ఆకులన్నీ వాలిపోయిన మొక్కను తీసి మంచినీళ్ల సీసాలో పెట్టాడు. వారం రోజులు కాకకు అన్నం సయించలేదు.

ఆ తర్వాత ఒక పొద్దున, మిగతా మగవాళ్లు షిఫ్టులో ఉండగా, కాక ఒక చేత్తో సీసా, ఒక చేత్తో బిళ్ళ పట్టుకుని వీధిలోకి ఉరికాడు.

"పైకొచ్చింది! పైకొచ్చింది!"

బావిలో ప్రమాదమై ఎవరినైనా పైకి తెచ్చినప్పుడు తప్ప, మా వీధిలో ఆ మాట ఎవరూ అరవరు. ఆడవాళ్లంతా పనులు వదిలేసి బయటికొచ్చారు.

"ఏమైంది కాకా?" ఎదురింటి అక్క పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది.

కాక సీసా ఎత్తి చూపాడు. గోరంత పచ్చని చిగురు!

తిట్లు తప్పవనుకున్నాను. అక్క కళ్లు తుడుచుకుని, నవ్వుతూ ఆ చిగురును తాకింది. కాక చేతిలోని బిళ్ళను లాక్కుంది.

"ఇగ దీన్ని మళ్ల దింపకు కాకా."