ఆఖరి పేజీ దాకా దాచాల్సిన పేరు

మొన్న ఆదివారం వైట్‌ఫీల్డ్‌లో నా పరువు ఎట్ల పోయిందో చెప్తా వినండప్పా. తీసినోడు ఎవడో కాదు, నేనే.

నేను పోలీసు ఇన్‌స్పెక్టర్‌గా రిటైరైనోణ్ణి. ఇంట్లో ఊరికే కూర్చోలేక ఒక క్రైమ్ నవల రాసినా. దొడ్డబళ్ళాపురంలో పట్టుచీరల వ్యాపారి హత్య, అదీ కథ. పబ్లిషర్ శారద మేడమ్ చదివి తల పట్టుకునింది. "మొదటి పేజీలోనే హంతకుడి పేరు, తండ్రి పేరు, వయసు, అడ్రస్ అన్నీ రాసేశారేంటి సార్? ఇంక మిగతాది ఎవరు చదువుతారు?" అనింది. నేనేం చేసేది? సర్వీసంతా చార్జిషీట్లు రాసిన చెయ్యి. అందులో ముద్దాయి పేరు పైనే ఉండాల కదా!

సరే అని మొత్తం మళ్ళీ రాసినా. తల ప్రాణం తోకకొచ్చింది. తమ్ముడి మీద అనుమానం పెట్టినా, పార్ట్‌నర్ మీద పెట్టినా. అసలు చంపినోడు కారు డ్రైవర్ మునిరాజు. ఆ సంగతి నా భార్య సుజాతకి కూడా చెప్పలేదంటే చూడండి. ఈసారి మేడమ్ కొంచెం మెత్తబడింది. వైట్‌ఫీల్డ్‌లో ఒక అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో తెలుగోళ్ళ మీటింగు ఉండాది, అక్కడ మొదటి చాప్టర్ చదవండి, జనానికి నచ్చితే పుస్తకం వేస్తా అనింది.

బొమ్మసంద్రలో మా ఇంటి నుంచి సుజాతని వెంటబెట్టుకోని ఆ ట్రాఫిక్‌లో పడి పోయేసరికే సగం చచ్చినా. అయినా బాగా చదివినానప్పా. సాఫ్ట్‌వేర్ పిల్లోళ్ళు ఫోన్లు పక్కన పెట్టి విన్నారు. మేడమ్ మొహంలో నవ్వు. ఇంకేం, పుస్తకం వచ్చేసినట్లే అనుకున్నా.

ఆఖర్న ప్రశ్నలు అడగమన్నారు. ముందు వరసలో ఒక పెద్దామె లేచి, "ఏమప్పా, డ్రైవరే కదా చంపింది?" అని అడిగింది.

నవ్వి, పుస్తకం వచ్చినాక చదవండమ్మా అంటే అయిపోయేది. నా నోరు ఊరుకుంటే కదా! టేబుల్ మీద గుద్ది, "ఆ మాట ఎవరు చెప్పినారు మీకు? నిజం చెప్పండి!" అని గద్దించినా.

పాపం, ఆమె బెదిరిపోయింది. "ఎవరూ చెప్పలేదు నాయనా. నువ్వు చదవతా ఉంటే కునుకు పట్టింది. డ్రైవర్ అనే మాటొక్కటే చెవిలో పడింది. ఏదో ఒకటి అడగాల కదా అని అడిగినా" అనింది.

అంతే, జనం గొల్లున నవ్వినారు. మేడమ్ ఒక్కతే నవ్వలేదు. నన్ను పక్కకి పిలిచి, నవల బాగుంది, వేస్తాను, కానీ హంతకుణ్ణి మార్చి తెమ్మనింది. అంటే మొత్తం మళ్ళీ రాయాల! ఎవని ఖర్మ అది?

ఇంటికొచ్చేదాకా సుజాత కారులో నవ్వతానే ఉండాది. "స్టేషన్లో ఎంతమంది చేత నేరం ఒప్పించినారో రోజూ చెప్తారే, ఈ కేసు కూడా చెప్తారా?" అనింది.

ఏం చెప్పేది? లాకప్ లేదు, లాఠీ లేదు. నిద్రలోంచి లేచిన ముసలామె ఊరికే అడిగిన ఒక్క ప్రశ్నకి అంతా కక్కేసిన ముద్దాయి, నా సర్వీసు మొత్తంలో నేనొక్కణ్ణే!