మామగారి రెండో పుట్టినరోజు

ఆ రోజుల్లో నా ఉద్యోగం ఏమిటో చెబితే మావాళ్లెవరికీ అర్థమయ్యేది కాదు. దేశంలోని ఆసుపత్రులను ఒక తాటి మీదకు తెచ్చి, కిడ్నీ రోగుల వివరాలన్నీ ఒకే రిజిస్టరులో చేర్చాలి. అప్పుడు డాక్టర్లంతా కలిసి పరిశోధన చేయవచ్చు, ఏ మందు ఎవరికి పనిచేస్తుందో త్వరగా తేలుతుంది. వినడానికి బాగానే ఉంటుంది. చేసేవాడికి తెలుస్తుంది నరకం.

ఇల్లు లోవర్ హట్‌లో, ఆఫీసు వెల్లింగ్టన్‌లో. పొద్దున ట్రైన్‌లో ఈమెయిళ్ల ప్రింట్లు చదువుతూ పళ్లు నూరుకునేవాణ్ణి. ఒక ఆసుపత్రి తన ఫారం మార్చనంటుంది. ఇంకొకటి మారుస్తాను గానీ తన లోగోనే పైన ఉండాలంటుంది. మూడోది అన్నిటికీ సరేనని, ఏమీ పంపదు. ప్రతి మంగళవారం ఫోన్ మీటింగు. వాన గురించి, రగ్బీ గురించి పావుగంట, పోయిన వారం ఏమనుకున్నామో గుర్తు చేసుకోవడానికి ఇంకో పావుగంట. అందరూ మర్యాదస్తులే. ఎవరూ కాదనరు, ఎవరూ కదలరు.

అందరికంటే ఎక్కువ విసిగించింది దక్షిణ ఆక్లాండ్ క్లినిక్‌లో పనిచేసే నర్సు. రిటైర్మెంటుకు దగ్గరపడిన, ఈ దేశంలోనే పుట్టి పెరిగిన కివీ ఆవిడ. ఒకే మనిషి రెండు ఊళ్లలో చూపించుకుంటే ఆ రెండు రికార్డులూ కలపాలి కదా. పేరూ పుట్టిన తేదీ అక్షరం పొల్లుపోకుండా కలిస్తేనే ఒక మనిషి, లేకపోతే ఇద్దరు అని నేను నిబంధన రాశాను. ఆవిడ ఒప్పుకోలేదు.

“తేడా వస్తే ఆ మనిషికే ఫోన్ చేసి అడుగుదాం,” అంది.

“అంతమందికి ఎవరు చేస్తారు?”

“నేను చేస్తాను.”

“పుట్టిన తేదీ మనిషికి ఒకటే ఉంటుంది. అడగడానికి ఏముంది?” అన్నాను.

నెలల తరబడి వాదించి నా మాటే నెగ్గించుకున్నాను. ఆ సాయంత్రం ట్రైన్‌లో హాయిగా నిద్ర కూడా పట్టింది.

అంతకుముందు మా మామగారు మా దగ్గర ఏడాది ఉన్నారు. బావమరిది దక్షిణ ఆక్లాండ్‌లోని టకానినిలో ఇల్లు కొనుక్కున్నాక అక్కడికి వెళ్లారు. గుంటూరు దగ్గర హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి, షుగర్ ఉంది, దానివల్ల కిడ్నీలకూ పరీక్షలు చేసేవారు. మా దగ్గరున్నప్పుడు ఆసుపత్రి ఫారం నేనే నింపాను, పాస్‌పోర్టులో ఉన్న తేదీ వేశాను. ఆక్లాండ్‌లో పరిశోధనకు రక్తం ఇస్తారా అని అడిగితే సంతోషంగా ఇచ్చి, ఫారం తనే నింపుకున్నారు.

ఏడాది తిరిగాక ఆ నర్సు నాకు ఫోన్ చేసింది. ఆ రోజు మంగళవారం కాదు.

“ఇక్కడో పెద్దాయన ఉన్నారు. పోయినసారి కంటే కిడ్నీలు బాగా దెబ్బతిన్నాయి. ముందు లోవర్ హట్‌లో మీ దగ్గరే ఉన్నానంటున్నారు. మన రిజిస్టరులో ఆయన నంబరు కింద ఆ రికార్డే లేదు. మాట్లాడండి.”

“అల్లుడుగారూ, బాగున్నారా? అమ్మాయి బాగుందా?” అన్నారు మామగారు నింపాదిగా.

“మావయ్యగారూ, ఫారంలో పుట్టిన తేదీ ఏది వేశారు?”

“అసలుదేనండీ. పాస్‌పోర్టులోది బళ్లో వేసిన తేదీ కదా. డాక్టరు వయసును బట్టే మందిస్తాడు, ఆయన దగ్గర అబద్ధం ఎందుకని. నేను మాత్రం ఎంతమంది పిల్లలకి జూలై ఒకటి వేయలేదు?”

నాకు ఒళ్లు మండింది. ఎవరి మీద మండాలో తెలియలేదు. నా సర్టిఫికెట్లోనూ జూలై ఒకటే. ఆ రోజు ఆఫీసువాళ్లు కేకు కోయిస్తే ఏటా తిన్నాను. నేను పుట్టింది మాఘంలో.

రిజిస్టరులో పేరు పెట్టి వెతికాను. పేరు ఒకటే, తేదీలు రెండు, నంబర్లు రెండు. రెండిటినీ పక్కపక్కన పెడితే చంటిపిల్లాడికైనా తెలుస్తుంది, లోవర్ హట్ నుంచి ఆక్లాండ్ వెళ్లేసరికే కిడ్నీల పని సగానికి పడిపోయిందని. ఆ ఆక్లాండ్ రిపోర్టు ఒక్కదాన్నే చూసిన డాక్టరు వయసుకు తగ్గట్టే ఉందనుకున్నాడు. అప్పుడే మందు మొదలుపెట్టి ఉంటే డయాలిసిస్ కొన్నేళ్లు వాయిదా పడేదని తర్వాత చెప్పాడు. వారానికి మూడు రోజులు మామగారు ఆ మెషీన్ పక్కన కూర్చునేవారు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ రోజు ఫోన్ పెట్టేముందు, రికార్డులు కలపడానికి నర్సు రెండు తేదీలూ అడిగింది. గబగబా చెప్పేశాను. ఆవిడ రాసుకుని అడిగింది.

“కంప్యూటర్‌లో చూసి చెప్పారా?”

“లేదు.”

“అయితే రెండూ మీకు ముందే తెలుసు.”

“తెలుసు,” అన్నాను. మా దగ్గరున్న ఏడాది, కార్తీకంలో ఆయన పుట్టినరోజుకి పాయసం వండింది నేనే.