యంత్రం మీద పడుకున్న రోజు

శంషాబాద్ ఎయిర్‌పోర్టు దగ్గర, కూరగాయల్లో పురుగుమందులు పరీక్షించే ల్యాబ్‌లో నేను కొత్తగా చేరిన రోజులవి. దసరా ఆయుధపూజకు గదులు సర్దుతూ మావాళ్లు మూలనున్న పాత యంత్రాన్ని పాతసామాన్లకు అమ్మేశారు. దాని లోపలి చిన్న డబ్బాలో రేడియోధార్మిక పదార్థం ఉందని, మిగతా యంత్రాలకు కుంకుమ పెడుతున్నప్పుడు మా మేడమ్‌కు గుర్తొచ్చింది.

"మూసి ఉన్నంతసేపు భయం లేదు. డబ్బా పగిలి, లోపలి పొడి పీలిస్తేనే ప్రమాదం, పరుగెత్తు!" అన్నారు.

నేను మైలార్‌దేవ్‌పల్లిలోని ఆ పాతసామాన్ల దుకాణం చేరేసరికి ఒక పహిల్వాన్ సమ్మెటతో యంత్రాన్ని బాదుతున్నాడు. పైరేకు అప్పటికే చీలిపోయింది. వెళ్లి దాని మీద బోర్లా పడ్డాను.

"ఎవడ్రా నువ్వు? లెవ్వు!"

"కొట్టకన్నా! దీన్ల రేడియేషన్ ఉంది!"

"నిన్న ఒకడు ఫ్రిజ్‌ల బాంబుందన్నడు, అగ్గువకు కొట్టేద్దామని!" అంటూ మూతి మీద గుద్దాడు. నా పన్ను ఊడి అతని చెప్పు మీద పడింది. ఇంకొకడు ఇనుప కడ్డీతో వీపు వాయించాడు. ఒక్క దెబ్బా యంత్రానికి తగల్లేదు, గురి అంత బాగుంది.

నా వెనకే వచ్చిన మేడమ్ కారు దిగి అరిచాకే ఆగారు. డబ్బా పగల్లేదు. రేడియేషన్ పరీక్షలన్నీ చేసి, "నీకేం కాలేదయ్యా" అన్నారామె. అప్పుడు దవాఖానలో నా పెదవికి కుట్లు వేస్తున్నారు.

సాయంత్రం పహిల్వాన్ దవాఖానకొచ్చి, కాగితం పొట్లం నా చేతిలో పెట్టాడు.

"మాఫ్ చెయ్ తమ్మీ. ఇగో, నీ పన్ను."

రేడియేషన్ కంటికి కనబడదని మాకు శిక్షణలో చెప్పారు. కనబడే వాటి గురించి ఎవరూ చెప్పలేదు.