అంబాసిడర్ బార్లకు కట్టిన అట్టముక్కలు

2013 జూన్ 11, మంగళవారం, ఉదయం తొమ్మిదిన్నర గంటలకు, విజయనగరంలో మా షావుకారు గారి షెడ్డులో పాత అంబాసిడర్ కారును నాలుగు కర్రదిమ్మల మీదికి ఎత్తాం. అప్పటికి నేను ఆ షెడ్డులో ఇరవై రెండేళ్ళుగా హెడ్ మేస్త్రిని. షావుకారు గారికి బియ్యం మిల్లు, మూడు లారీలు, ఒక వ్యాను, వాళ్ళ నాన్నగారు వాడిన ఈ కారు ఉండేవి. ఏ బండి చెడినా పెద్ద చెయ్యి నాదే. ఆ మంగళవారం మాత్రం కాదు.

మెకానిక్ షెడ్డులో హోదాలు ఎక్కడా రాసి ఉండవు. నట్టును ఫిట్టరు బిగిస్తాడు. తర్వాత హెడ్ మేస్త్రి వచ్చి పానా వేసి ఆఖరి పావు తిప్పు తిప్పుతాడు. బండి దారిలో ఆగితే మాట పడేది అతనే. ఆ ఆఖరి తిప్పు ఎవరిదో చూస్తే ఆ షెడ్డుకు పెద్ద ఎవరో తెలిసిపోతుంది.

ఆ రోజు ఆ తిప్పు సుందరానిది. సుందరం నా భార్య మార్తకు తమ్ముడు. వాడికి పని నేర్పింది నేనే. తర్వాత విశాఖపట్నం వెళ్ళి పాత కార్లే బాగుచేసే ఒక షెడ్డులో చాలా ఏళ్ళు ఉన్నాడు. అక్కడ ఇంగ్లీషు పుస్తకం చదివి పని చెయ్యడం అలవాటైంది. తిరిగొచ్చి కోటబొమ్మాళిలో సొంత షెడ్డు పెట్టుకుంటే రోడ్డు వెడల్పులో అది పోయింది. పని లేదు, ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు. ఆదివారం విశాఖలో పాత కార్ల ప్రదర్శన ఉందని, దానికి ఈ కారును తిన్నగా నడిచేలా చేసిస్తే ఇక్కడే ఉద్యోగం ఇస్తానని షావుకారు గారు వాడికి మాట ఇచ్చారు. నాకింకా రెండేళ్ళ సర్వీసు ఉంది. నేను దిగాక నా చోటు వాడికి ఇస్తే నాకు అభ్యంతరం లేదు. నేను ఉండగానే ఇచ్చేస్తారని నా మంట.

"దానియేలూ, ఈ పనికి సుందరం పెద్ద. నువ్వు పక్కనుండి సాయం పట్టు," అన్నారు షావుకారు గారు. అందరి ముందూ అన్నారు. సుందరానికి కుర్చీ వేయించారు. టీ ముందు వాడికి వెళ్ళింది. నన్ను తప్ప ఎవరినీ గురువుగారూ అనని డ్రైవరు పైడిరాజు, ఆ పూట వాణ్ణి కూడా గురువుగారూ అన్నాడు. ఇవన్నీ నేను లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను.

ముందు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే టకటకమని ఆడుతోంది. కింగ్ పిన్ను అరిగిందని దాని అర్థం. చక్రం అటూ ఇటూ తిరిగేది ఆ పిన్ను మీదే. అది పూర్తిగా అరిగితే నడుస్తున్న బండి చక్రం పక్కకు వాలిపోతుంది. చక్రాలు, డ్రమ్ములు, పిన్నులు విప్పాక మిగిలేవి టార్షన్ బార్లు. వీటిని చుట్టలు లేని స్ప్రింగులు అనుకోండి. కారు కింద పొడుగ్గా, ఒక్కో పక్క ఒకటి ఉంటాయి. తడిబట్టను పిండినట్టు మెలిపడి ముందు బరువంతా మోస్తాయి. ఎడమ బారు ఒక వైపుకు, కుడి బారు దానికి ఎదురు వైపుకు మెలిపడతాయి. ఏళ్ళ తరబడి అలా అలవాటు పడ్డ ఇనుమును రెండో పక్క బిగిస్తే బండి కుంగుతుంది. ఒక్కోసారి బారు విరుగుతుంది కూడా. కొత్త బార్ల కొసన ఏది ఏ పక్కదో గుర్తు ఉంటుంది. ఈ కారువి తుప్పు తినేసింది.

అక్షరం రాని రోజుల నుంచి నాకొక పద్ధతి ఉంది. విప్పిన ప్రతి ముక్క మీదా ఆకురాయితో, ఎడమదైతే ఒక గాటు, కుడిదైతే రెండు గాట్లు పెడతాను. ఆ రోజూ ఆకురాయి తీశాను.

"బావా, ఆగు. ఆకురాయి పక్కనెట్టీ," అన్నాడు సుందరం. పుస్తకం తెరిచి ఇంగ్లీషు చదివి తెలుగులో చెప్పాడు. "ఈ బారుకి గాటెడితే మెలిపడినప్పుడు అక్కడే పగులొస్తాది. రంగెట్టాల, నేదా రాసిన సీటీ కట్టాల."

"అయితే ఇన్నాళ్ళూ గురువుగారు గాట్లెట్టిన బళ్ళన్నీ ఏటయ్యాయో మరి," అన్నాడు పైడిరాజు. ఫిట్టరు అప్పన్న తల తిప్పుకుని నవ్వాడు. సుందరం నవ్వలేదు. వాడు నవ్వి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

రంగు డబ్బా ఎండిపోయి ఉంది. సుందరం బేరింగు పెట్టె అట్ట చింపి, ఒకదాని మీద ఎడమ, ఒకదాని మీద కుడి అని రాసి, పురికొసతో బార్లకు కట్టాడు. కడగడం నాకు అప్పగించారు. కిరసనాయిలు తొట్టి ముందు కూర్చోవడం షెడ్డులో అందరికంటే చిన్నవాడి పని.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళారు. జిడ్డు మీద పురికొస నిలవదు. బార్లు తోముతుంటే అట్టముక్కలు రెండూ జారిపోయాయి. ఏ బారు ఏ పక్కదో నాకు తెలుసు, తొట్టికి అటొకటి ఇటొకటి పెట్టుకున్నాను. అట్టముక్కలు చేతిలోకి తీసుకుని చదివాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నాకు చదవడం వచ్చని షెడ్డులో ఎవరికీ తెలియదు. యాభై అయిదేళ్ళ వయసులో మా చర్చి టీచరమ్మ దగ్గర ఆదివారం ప్రార్థన అయ్యాక కూర్చుని నేర్చుకున్నాను. ఈ వయసులో బలపం పట్టాడని నవ్వుతారని బయట చెప్పలేదు. చెప్పొద్దని మార్తకూ గట్టిగా చెప్పాను.

చదివి, ఎడమ అన్నది కుడి బారుకు, కుడి అన్నది ఎడమ బారుకు కట్టాను. పొరపాటున కాదు. కారు ఒక పక్కకు కుంగి, షావుకారు గారి ముందు సుందరం తల దించుకోవాలని కట్టాను. చదువు వచ్చాక, బైబిలు చదవడం కాకుండా, దానితో చేసిన మొదటి పని అదే.

మూడు గంటలకు షావుకారు గారు వచ్చి, ఆదివారం ముందు సీట్లో తమ అమ్మగారు కూర్చుంటారని చెప్పారు. ఆవిడకు ఎనభై దాటాయి. విరిగే బారు సంగతి అప్పుడు గుర్తొచ్చింది. అప్పుడైనా చెప్పాలి. చెప్పలేదు.

సుందరం బారు ఎత్తి కారు కిందికి వంగబోయి ఆగాడు. పురికొస ముడి వేలితో తడిమి చూశాడు. వాడు పీకితే ఊడే ముడి వేస్తాడు. నేను రెండు చుట్లు తిప్పి బిగిస్తాను.

"బావా, ఇది నా ముడి కాదు. నువ్వు కట్టినావేటి?"

"ఊడిపోతే కట్టాను," అన్నాను.

ముందుగా పైడిరాజే అందుకున్నాడు. "అయ్యబాబు, గురువుగారికి అచ్చరం ముక్క రాదు కదా. ఏ అట్ట ఏటో ఆయనకేటి తెలుస్తాది? ఏది దొరికితే అది కట్టీసుంటారు."

షావుకారు గారి ముఖం మారింది. కోపం నా మీద కాదు. "చదువురానివాడి చేతికి రాతముక్కలిచ్చి నువ్వు అన్నానికెళ్ళిపోయావా సుందరం? మా అమ్మని ఎక్కించే బండి ఇది. ఇలాగేనా నువ్వు పెద్దరికం చేసేది?"

సుందరం నేల చూశాడు. "తప్పు నాదేనండి. బావకి తెలీదు."

అంటే నేను కోరుకున్నది జరిగిపోతోంది. నాకు చదువు వచ్చన్న ఒక్క సంగతి దాచుకుంటే చాలు. ఏ బారు ఎటుదో గుర్తుందని చెప్తే కారు సరిగ్గానే బిగుస్తుంది, అమ్మగారికి ప్రమాదం లేదు, నేను అమాయకుణ్ణి, సుందరం తిరిగి కోటబొమ్మాళి బండెక్కుతాడు. ఇంతలో అప్పన్న మళ్ళీ నవ్వాడు. "అచ్చరం రానోడికి అట్టముక్కలేటండి, గాట్లే నయం," అన్నాడు.

సుందరం చేతిలోంచి అట్టముక్క లాక్కున్నాను. "ఇది ఎడమ. ఎ, డ, మ. ఇది ఉన్నది కుడి బారుకి. అక్కడున్న రెండో అట్ట మీద కుడి అని ఉంది. చదివే కట్టాను, తెలిసే కట్టాను," అన్నాను.

మంచితనంతో చెప్పానని ఎవరూ అనుకోవద్దు. చదువు రానివాడని సుందరం ముందు నన్ను చూసి నవ్వితే ఓర్చుకోలేక చెప్పాను. ఏ అసూయతో తప్పు చేశానో అదే అసూయతో ఒప్పుకున్నాను.

సుందరం అడిగింది ఒక్కటే. "సదవడం ఎప్పుడొచ్చింది బావా?" మూడేళ్ళయిందన్నాను. "సెప్పలేదే," అన్నాడు. ముడులు కోసి అట్టలు మార్చి కట్టుకుని కారు కిందికి వెళ్ళాడు. షావుకారు గారు నన్ను తిట్టలేదు. బయటికి వెళ్తూ, రేపట్నుంచి సుందరం హెడ్ మేస్త్రి అని పైడిరాజుతో చెప్పి వెళ్ళారు. నాతో చెప్పలేదు.

కారు ఆదివారం విశాఖ వెళ్ళి తిన్నగా తిరిగొచ్చింది. నేను 2015లో రిటైరయ్యే వరకు ఆ షెడ్డులోనే రెండో మేస్త్రిగా పనిచేశాను. నేను బిగించిన ప్రతి నట్టుకూ ఆఖరి తిప్పు సుందరం తిప్పేవాడు. నేను పక్కన నిలబడి చూసేవాణ్ణి. ఈ సంగతి వాడు వాళ్ళక్కకు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఇది అచ్చయితే మార్తకు తెలుస్తుంది.

ఆ రోజు నేర్చుకున్నవి చెప్తాను. టార్షన్ బారుకు గుర్తు రంగుతోనే పెట్టాలి, ఆకురాయి తాకించకూడదు. విప్పినవాడే కడగాలి, కడిగినవాడే బిగించాలి. మధ్యలో చెయ్యి మారితే, ముఖ్యంగా ఆ చెయ్యి మన మీద మండుతున్నవాడిదైతే, పని మళ్ళీ మొదటి నుంచి చూసుకోవాలి. సుందరం అంటే నాకు ఇప్పటికీ అసూయే. అది పోతుందని ఎదురు చూడడం మానేశాను. అది ఉండగానే పని తప్పు లేకుండా చెయ్యడం మాత్రం వచ్చింది.

ఆ రోజు షెడ్డులో ఉన్నవాళ్ళు: షావుకారు కామేశ్వరరావు గారు, సుందరం, ఫిట్టరు అప్పన్న, డ్రైవరు పైడిరాజు, నేను, దానియేలును.