పైన రంగుల లైట్లు, అడుగున తాలు: దుమ్ముగూడెం నుంచి ఖమ్మందాకా నా గేమింగ్ కంప్యూటర్ కోసం

"ఆడపిల్లవి, నీకు గేములేంది?" అని అడవి అంచునున్న మా దుమ్ముగూడెంలో నన్ను అడగని మనిషి లేడు. నేను ఇక్కడి ప్రైవేటు బడిలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. పగిలిన ఫోనులో ఆడి ఆడి విసుగొచ్చి, నలభై వేలు కూడబెట్టి, భాగాలు విడివిడిగా ఎంచుకుని సొంత కంప్యూటర్ తెచ్చుకోవాలనుకున్నాను. ఒక్కసారే కొనగలను. తప్పు సామాను తెచ్చుకుంటే మళ్లీ రెండేళ్లు ఆగాలి. మీరూ ఇదే పని మీద బయలుదేరుతుంటే, నాకు వచ్చిన కోపం మీకు రాకుండా ఇది చదవండి.

ఉదయం ఐదున్నరకు ఆటో ఎక్కితే భద్రాచలం చేరేసరికి ఆరున్నర దాటింది. తోడు మా మేనత్త నాగమ్మ. ఏటా మిర్చి సీజనులో ఖమ్మం వెళ్లి తొడిమలు తీసే కూలి చేస్తుంది కాబట్టి ఆ ఊరు ఆమెకు కొట్టిన పిండి. అక్కడ ఎక్కిన ఖమ్మం ఎక్స్‌ప్రెస్ బస్సులో ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్. కండక్టర్ ఎందుకు వెళ్తున్నామో అడిగి, "తమ్మునికా?" అన్నాడు. నాకేనంటే నవ్వాడు. ఆ నవ్వు కొత్తగూడెం దాటేదాకా మండుతూనే ఉంది. దారిలో అత్తకు నా జాబితా చదివాను. గ్రాఫిక్స్ కార్డు విడిగా కొనే స్తోమత లేదు, అందుకని గ్రాఫిక్స్ లోపలే ఉన్న ప్రాసెసర్. దానికి నప్పే మదర్‌బోర్డు. పదహారు జీబీ ర్యామ్ ఒకటే కాకుండా ఎనిమిదేసివి రెండు, అలాగైతేనే ఇలాంటి ప్రాసెసర్‌తో గేములు సాఫీగా నడుస్తాయి. ఐదు వందల జీబీ ఎస్‌ఎస్‌డీ. పవర్ సప్లై దగ్గర మాత్రం "ఏదైనా సరే" అని రాసుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

పది గంటలకు ఖమ్మంలో దిగి, మనిషికి ఇరవై ఇచ్చి షేర్ ఆటోలో కంప్యూటర్ల షాపుకు చేరాం. షాపతను జాబితా పక్కన పడేసి, రంగుల లైట్లు మెరిసే క్యాబినెట్ ముందుకు జరిపాడు.

"ఫుల్ సెట్ మేడం. తమ్ముడు మస్తు ఖుషీ అయితడు."

నాకేనని చెప్పి, ఊరు కూడా చెప్పాను.

"అడవిల గేమింగ్ ఏంది మేడం? ఆడ కరెంటే సక్కగ ఉండదు గద."

ఒళ్లు మండిపోయింది. కరెంటు సరిగా ఉండదని తెలిసినవాడు దాన్ని తట్టుకునే సామాను కదా చూపించాలి! చూపించిందేమో లైట్లు. గట్టిగా అడిగితే జాబితా ప్రకారం పెట్టెలు తెచ్చాడు, చివర్లో పవర్ సప్లై. అప్పటిదాకా స్టూలు మీద కూర్చున్న అత్త దాన్ని చేతిలోకి తీసుకుంది.

"గింత అల్కగ ఉందేంది బిడ్డా?"

"కరెంటు అన్నిటికీ దాంట్లోంచే పోతది అత్తా."

"అన్నిటికీ పోయేది గిదే అయితే, గిదే బోలుగుంటెట్ల?"

ఇంకోటి తెప్పించి, రెండు చేతుల్లో రెండూ పట్టుకుని తూచింది. రెంటి మీదా నాలుగు వందల యాభై వాట్లనే ఉంది. మొదటిది రెండోదానిలో సగం బరువు కూడా లేదు.

"నీకు కంప్యూటర్ తెలుసా అమ్మా?" అన్నాడతను వెటకారంగా.

"తెల్వదయ్యా. మిర్చి బస్తా తెలుసు. పైన ఎర్రకాయ పోసి అడుగున తెల్లబడ్డ తాలు కాయ పెడ్తరు కొందరు. అందుకే అడుగుదాక చెయ్యి పెట్టి చూస్తం."

తేలికదానికి వారంటీ ఎంతని అడిగాను. ఇక్కడ చెక్ చేసేవరకేనట. బరువైనదానికి మూడేళ్లు, ధర పదిహేను వందలు ఎక్కువ. లైట్లు లేని మామూలు క్యాబినెట్ తీసుకుని ఆ తేడా సర్దుకున్నాను. అన్నీ బిగించి ఆన్ చేసి చూపించేదాకా, మూడు గంటలు, కదల్లేదు.

నాలుగు నెలలు వీడియోలు చూసిన నాకు తట్టనిది బడి మొహం చూడని మా అత్తకు తట్టింది. అది తలుచుకుంటే సిగ్గేస్తుంది. అడవివాళ్లకు ఏదంటగట్టినా చెల్లుతుందనుకునే వాళ్లను తలుచుకుంటే ఇప్పటికీ మండుతుంది. మా ఇంట్లో కరెంటు పోతే కంప్యూటర్ ఆగుతుంది, యూపీఎస్ ఇంకా కొనలేదు. కానీ ఓల్టేజీ ఎంత ఊగినా ఇంతవరకు ఏ భాగమూ కాలలేదు. మీకు చెప్పేవి రెండే: ముందు పవర్ సప్లై ఎంచుకోండి, ప్రతి భాగం నంబరుతో మీ పేరు మీదే బిల్లు రాయించుకోండి, లేకపోతే వారంటీకి తిప్పలు పడతారు. మా బిల్లు రాస్తూ కూడా అతను, "తమ్ముని పేరు చెప్పుండ్రి" అన్నాడు. నాకు తమ్ముడే లేడు. జ్యోతి అని రాయించుకుని వచ్చాను.