పెళ్ళివారు నూరిన పచ్చడి

శ్రావణమాసం రెండో ఆదివారం, పొద్దున సరిగ్గా పదింబావు. పూజ ముగించి, హారతి కళ్ళకద్దుకుని వాకిట్లోకి వచ్చానో లేదో గేటు చప్పుడైంది. అప్పుడు నేను "ఎవరండీ మీరు?" అని ఒక్క మాట అడిగి ఉంటే ఇవాళ మీకు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. అడగలేదు! "రండి రండి, మీకోసమే చూస్తున్న" అన్నాను. ఆ తర్వాత జరిగింది విని మీరెంతైనా నవ్వుకోండి, మా తోటికోడలు లలిత ముందు మాత్రం నవ్వకండి. ఆమెకు ఇంకా కోపం తగ్గలేదు.

మా ఇల్లు పద్మారావు నగర్‌లో, బోయిగూడ వైపు దిగే గల్లీలో. కింద మేము, పైన మా మరిది శ్రీనివాస్, లలిత, వాళ్ళ కూతురు దివ్య. మా అత్తగారి అత్తగారు కాపురానికి వచ్చింది కూడా ఈ ఇంటికే. ఈ ఇంట్లో ఎవరు ఏ తిథిన పుట్టారు, ఎవరి పెళ్ళిలో ఎవరు అలిగారు, ఎవరి తద్దినానికి ఏ కూర వండాలి, అన్నీ నన్నే అడుగుతారు. నేను చాలా మెల్లగా మాట్లాడతానని చుట్టాలందరూ మెచ్చుకుంటారు. "మెల్లగనే మాట్లాడుతది, గని ఆగదు" అంటారు మా వారు.

ఈ ఆగని గుణం చూసే నిహారిక నన్ను పట్టుకుంది. నిహారిక అంటే ఒక చిన్న టూర్ కంపెనీ నడిపే అమ్మాయి. అంతకుముందు ఇంకో కంపెనీ బస్సు ఒకటి బోయిగూడకు వచ్చేది. జనం దిగడం, అడగకుండా కిటికీల్లోంచి తొంగిచూడటం, దండెం మీద ఆరేసిన లుంగీలను ఫోటోలు తీయడం! ఒకరోజు బస్తీ ఆడవాళ్ళు నీళ్ళ బకెట్లతో బయటికొచ్చేసరికి ఆ బస్సు మళ్ళా కనబడలేదు. నిహారిక అట్లా రాలేదు. ముందు మా అందరినీ కూర్చోబెట్టి అడిగింది. "మీకేం చూపించాలని ఉంది? ఏది చూపించొద్దు? ఎంతమంది వస్తే మీకు తక్లీఫ్ కాదు?" మేం చెప్పినవే రూల్స్ అయ్యాయి. నలుగురికంటే ఎక్కువ రావొద్దు. వారానికి రెండుసార్లే. ఫోటో తీయాలంటే అడగాలి. ప్లాస్టిక్ సీసాలు తేవొద్దు, మా బిందెలో నీళ్ళే తాగాలి. మేం తినేదే తినాలి. పిల్లలకు చాక్లెట్లు, మాకు కానుకలు గిట్ల ఇయ్యొద్దు. వచ్చినవాళ్ళు కూర్చుని చూడటం కాదు, ఇంటి పనిలో ఒక చెయ్యి వెయ్యాలి. వచ్చిన పైసల్లో వాటా మొదలు వండిపెట్టిన ఇంటికి, తర్వాతే కంపెనీకి.

నాకు విడిగా ఒక మాట చెప్పింది నిహారిక. "ఆంటీ, మ్యూజియం లెక్క చూపించకండి. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. గొప్పలు వద్దు, నిజాలు చెప్పండి."

నిజాలు! ఆ మాట నా ముందు ఎవరూ అనకూడదండీ.

ఆ ఆదివారం పొద్దున పదింటికి విశాఖపట్నం నుంచి నలుగురు వస్తారని చెప్పింది. భార్యాభర్తలు, వాళ్ళబ్బాయి, ఆయన చెల్లెలు. అదే రోజు సాయంత్రం నాలుగున్నరకు పై వాటాలో దివ్యకు పెళ్ళిచూపులు. అబ్బాయి వాళ్ళు కోస్తా నుంచి వచ్చి కూకట్‌పల్లి వైపు స్థిరపడినవాళ్ళు. "ఆదివారం నాలుగున్నరకు రాహుకాలం కదనే" అని లలితకు ముందే చెప్పాను. "వాళ్ళే పెట్టిండ్రు అక్కా, మనమెందుకు మాట్లాడాలె" అంది. ఆదివారం పొద్దున వాళ్ళింట్లో ఎవరో క్యాలెండర్ చూసినట్టున్నారు. "రాహుకాలం కాబట్టి పదింటికే వచ్చేస్తున్నాం" అని మా మరిది ఫోనుకు మెసేజ్ పెట్టారట. ఆ ఫోను పైన ఛార్జింగ్‌లో ఉంది. మా మరిది, లలిత స్వీట్ల షాపులో ఉన్నారు.

ఇట్లా గేటు తీసుకుని వచ్చింది భార్యాభర్తలు, వాళ్ళబ్బాయి, ఆయన చెల్లెలు. మీరే చెప్పండి, నా తప్పేముంది? అబ్బాయి ఫోటో నాకూ చూపించారు, ఫోనులో, గోరంత. అందులో గడ్డం లేదు. ఇతనికి నిండా గడ్డం.

ఆవిడ పట్టుచీర కట్టుకుని వచ్చింది. పాపం, మనింటి మీద ఎంత గౌరవమో అనుకున్నాను. చేతిలో పళ్ళ బుట్ట, పూలు. ఆ బుట్ట నా చేతికి ఇవ్వబోతే రెండు చేతులూ జోడించి, "మేము ఇవి తీసుకోమండి. ఏమనుకోకండి, వాపస్ పట్టుకపోండి" అన్నాను. ఆవిడ మొహంలో నవ్వు అట్లాగే ఆగిపోయింది. ఆయన చెల్లెలు ఆవిడ చెవిలో, "వదినా, వీళ్ళ పద్ధతేమో" అనడం నాకు వినబడింది. అవును, పద్ధతే కదా అనుకున్నా.

మా వారు టూరిస్టుల అలికిడి వింటే చాలు, పేపర్ తీసుకుని మిద్దె మీదికి పోతారు. పోయారు. నేను రాగి బిందెలోంచి నీళ్ళిచ్చి, వసారాలో చాప పరిచి, పుంటికూర కట్టలు ముందు పెట్టాను.

"ఆకు తుంచుదాం, రండి."

పెద్దాయన చొక్కా సరిచేసుకుని, "మేమాండీ?" అన్నారు.

"అందరం. మా ఇంటికి ఎవరొచ్చినా చేస్తరు. అబ్బాయికి రోలు చూపిస్తా, పొద్దున వేయించి పెట్టిన ఆకుతోని పచ్చడి నూరుతడు."

"గోంగూరా!" అంది ఆయన చెల్లెలు, కొంచెం ధైర్యం వచ్చినట్టు. అబ్బాయి ఒకసారి వాళ్ళమ్మను చూశాడు. ఆవిడ కళ్ళతోనే వెళ్ళమంది. చొక్కా చేతులు మడిచి రోలు దగ్గర కూర్చున్నాడు. బంగారం లాంటి పిల్లవాడు. పచ్చిమిర్చి ఘాటుకు కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే నూరాడు.

"బాగ నూరుతున్నడు. పోయిన వారం బ్యాచ్‌లో పిల్లగాడు సగంల వదిలేసిండు" అన్నాను.

ఆకు తుంచే చేతులన్నీ ఆగిపోయాయి.

"బ్యాచా?" అన్నారు పెద్దాయన. "వారానికి ఎన్ని బ్యాచ్‌లండీ?"

"రెండే. ఇంక ఎక్కువైతే గల్లీకి పరేషాన్."

"అందరిచేతా నూరించారా?"

"అందరితోని! ఒకాయనతో బియ్యం ఏరించినం. చానా మంచాయన."

"మరి ఎవరూ నచ్చలేదా?" అని ఆవిడ మెల్లగా అడిగింది.

"అయ్యో, అదేం మాటమ్మా! అందరూ నచ్చిండ్రు. ఇప్పటికీ ఫోన్లు చేస్తరు."

పెద్దాయన లేవబోయారు. ఆవిడ ఆయన పంచె కొస పట్టుకుని కూర్చోబెట్టింది. నాకు జాలి వేసింది. నేలమీద కూర్చోవడం అలవాటు లేదేమో అనుకుని పీట వేశాను. ఊరికే కూర్చోబెట్టడం ఎందుకని కథలు షురూ చేశాను. మా మామగారు తన పెళ్ళిలో అలిగి మెట్టుగూడ దాకా నడిచిపోయి, ఆకలేసి తిరిగొచ్చిన సంగతి. మా పెద్దాడపడుచు పట్టుచీర రంగు నచ్చక పీటల మీద నుంచి లేచిపోబోయిన సంగతి.

"అలక మా ఇంటి ఆస్తి. పైన దివ్య అని మా మరిది బిడ్డ ఉన్నది, దానికి సుత వచ్చింది. ఈరోజు సాయంత్రమే దానికి పెళ్ళిచూపులు, తెలుసా?"

ఆవిడ చేతిలో ఆకు ఆగింది. నన్ను చూసింది. భర్తను చూసింది. తర్వాత చిన్నగా గొంతు సవరించుకుని, నా పక్కకు జరిగి కూర్చుంది.

"అలాగా! ఇంకా చెప్పండి వదినగారూ."

ఇప్పుడు తలచుకుంటే ఆ 'వదినగారూ' దగ్గరే నాకు వెలగాల్సింది. నేనేమో ఎంత ఆప్యాయత అని మురిసిపోయి, కూర్చున్నచోటే ఇంకాస్త సర్దుకున్నాను.

"మీరు బయటోళ్ళు కాబట్టి చెప్తున్న. మా తోటికోడలు పొద్దుటి నుంచి హైరానా పడుతున్నది. స్వీట్లు షాపు నుంచి తెస్తున్నరు, అమ్మాయి చేసిందని చెప్తరట. ఆ పిల్లకు చాయ్ పెట్టరాదు! పొయ్యి మీద పాలు పెట్టి ఫోన్ చూసుకుంట నిలబడుతది, గిన్నె మాడుతది. కానీ మనసు మంచిదమ్మా. మొన్న నాకు జ్వరమొస్తే రాత్రంతా కాళ్ళ దగ్గర కూర్చున్నది. అది చెప్పమంటే మాత్రం చెప్పరు, స్వీట్ల సంగతి చెప్తరు."

"అబ్బాయి వాళ్ళ గురించి ఏమనుకుంటున్నారు?" అని ఆవిడ అడిగింది.

"తల్లి గట్టిదని విన్నం" అన్నాను.

రోలు దగ్గర అబ్బాయికి పొలమారింది. పెద్దాయన మొహం గోడవైపు తిప్పుకున్నారు. భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

సరిగ్గా అప్పుడే పచ్చడి వాసనకు దివ్య దిగివచ్చింది. ఎట్లా? జుట్టుకు నూనె, మొహానికి శనగపిండి, పసుపు, పెరుగు కలిపిన పట్టు, ఒంటిమీద నైటీ.

"పెద్దమ్మా, జెర పచ్చడి వెయ్యి..."

అబ్బాయి తలెత్తాడు. దివ్య బిగుసుకుపోయింది.

"మీరు... దివ్య కదూ?"

"కాదు. నేను దివ్య చెల్లెల్ని."

"ఏం చెల్లెలే?" అన్నాను నేను. "నీకు చెల్లెలెక్కడిది?"

ఆ పిల్ల నా మోచెయ్యి పట్టి వంటింట్లోకి లాక్కుపోయింది. "పెద్దమ్మా! ఆయన కార్తీక్!"

"ఏ కార్తీక్?"

"పెళ్ళికొడుకు!"

గట్టు మీద నా ఫోన్ మోగింది. నిహారిక. "సారీ ఆంటీ, గెస్టుల ట్రైన్ లేట్. ఇప్పుడే స్టేషన్‌లో దిగిండ్రు. అర్ధగంటలో తీసుకొస్తా."

దేవుడా! పళ్ళబుట్ట వెనక్కి ఇచ్చేశాను. స్వీట్లు షాపువని చెప్పాను. తల్లి గట్టిదని తల్లికే చెప్పాను. పూజగది వైపు తిరిగి, "అమ్మా, ఈ ఒక్కసారికి నన్ను కనబడకుండా చెయ్యి తల్లీ" అని దండం పెట్టుకున్నాను. అమ్మవారు వినలేదు. గేటు చప్పుడు మాత్రం మళ్ళా వినిపించింది.

లలిత! రెండు చేతుల్లో స్వీటు డబ్బాలు. వెనక మా మరిది. వసారాలో పట్టుచీర మీద పుంటికూర కాడలు, పీట మీద కాబోయే వియ్యంకుడు, రోలు దగ్గర చెమటలతో పెళ్ళికొడుకు.

కాబోయే వియ్యపురాలు లేచి చీర దులుపుకుంది. "రండి లలితగారూ. అమ్మాయి చేసిన స్వీట్లు వచ్చాయా? డబ్బా కూడా అమ్మాయే చేసిందా?"

లలిత ఆవిడను చూడలేదు. నన్ను చూసింది. ఆ చూపు గురించి మాత్రం చెప్పలేను.

నేను ఉన్నదంతా చెప్పేశాను, చేతులు జోడించి. టూరిస్టులు, కంపెనీ, రూల్స్, అన్నీ. "అమ్మాయిది ఏ తప్పూ లేదు, నా నోటిది" అన్నాను. లలిత కళ్ళు నిండిపోయాయి. ఆ సంబంధం కోసం ఆమె మొక్కని దేవుడు లేడని నాకు తెలుసు. ఆ క్షణం నాకు ఏడుపొచ్చింది, నిజంగా.

దివ్య, ఆ పిండి మొహంతోనే, రోలు దగ్గరికి పోయి వేలితో పచ్చడి తీసి నాలుక మీద వేసుకుంది.

"ఉప్పు వెయ్యలే."

"ఎవరూ చెప్పలేదండీ" అన్నాడు కార్తీక్.

"ఇయ్యండి ఇటు. మీరు దంచుతున్నరు, నూరాలె."

ఇద్దరూ రోలుకు అటొకరు ఇటొకరు కూర్చున్నారు. మేం పెద్దవాళ్ళం ఎటు చూడాలో తెలియక ఆకు తుంచాం. అప్పటికి తుంచడానికి కాడలే మిగిలాయి.

ఇంతలో నిహారిక అసలు టూరిస్టులతో వచ్చింది. వాళ్ళకు ఎదురెళ్ళింది ఎవరనుకున్నారు? వియ్యపురాలు! "రండి, కూర్చోండి. పళ్ళు తెచ్చుంటే ఇవ్వకండి, తీసుకోరు. పని చెబుతారు, చెయ్యాలి. కథలు చెబుతారు, అవి మాత్రం పూర్తిగా వినండి, చాలా ఉపయోగం." అందరం పుంటికూర పచ్చడితో అన్నం తిన్నాం. పోయేటప్పుడు ఆవిడ, "రేపు పొద్దున ఫోన్ చేస్తాం" అంది. అంతే, ఔననీ లేదు, కాదనీ లేదు. లలిత ఆ పూటంతా నాతో మాట్లాడలేదు. స్వీటు డబ్బాలు ఎవరూ ముట్టలేదు.

సోమవారం పొద్దున్నే అందరం కింద నా హాల్లోనే చేరాం. లలిత ఫోను టీపాయ్ మీద. మోగగానే స్పీకర్‌లో పెట్టింది.

"లలితగారూ, మావాడికి అమ్మాయి నచ్చింది. మొహం ఇంకా చూడలేదనుకోండి, పిండే చూశాడు. మీ అమ్మాయిని కూడా అడగండి. ఆమెకు ఇష్టమైతే వచ్చే ఆదివారం మళ్ళీ వస్తాం."

అందరం దివ్యను చూశాం. "నూరుడు రాదు. కానీ చెప్తే వింటడు" అంది. "రమ్మను, మాట్లాడుతా."

లలిత ముందు దేవుళ్ళకు, తర్వాత నాకు దండం పెట్టింది. నేను కరిగిపోయి దగ్గరికి తీసుకోబోయాను. "అక్కా, నీ కాళ్ళు మొక్కుతా, వచ్చే ఆదివారం నువ్వు ఇంట్ల ఉండొద్దు" అంది. మా మరిది చెయ్యెత్తాడు. దివ్య చెయ్యెత్తింది. ఇంకెవరూ మిగల్లేదు అనుకునేలోపు మా వారు కూడా ఎత్తారు. అప్పటికప్పుడే లలిత నిహారికకు ఫోన్ చేసి ఆ రోజు బోయిగూడ నడకకు నా పేరు రాయించింది. కాపురానికొచ్చినప్పటి నుంచి తిరిగిన గల్లీలోనే నేను టూరిస్టును!

"తప్పకుండా తీసుకుపోతా ఆంటీని," అంది నిహారిక స్పీకర్‌లో. "ఒక్కటే షరతు. నడిచినంతసేపూ గెస్టులు మాట్లాడొద్దు, ఇంటివాళ్ళు చెప్పేది వినాలె."

మా వారు పేపర్ కిందికి దించి ఫోను దగ్గరికి వంగారు.

"బిడ్డా, దీనికి నెల పాసు లాంటిదేమన్న ఉంటదా?"